పగిలిన పీట, మూడు శాండర్లు

సిద్దిపేట పట్టణ వాస్తవ్యుడను, ముప్పై మూడేండ్లు ఉన్నత పాఠశాలలో తెలుగు బోధించి రెండు వేల ఐదులో పదవీ విరమణ చేసినవాడను, డెబ్బై ఎనిమిదేండ్ల వయసు గలవాడను అయిన కాశీనాథం అను నేను, ఎవరి ఒత్తిడీ ఎవరి ప్రలోభమూ లేకుండా, పూర్తి తెలివితో వ్రాసి ఉంచుతున్న వీలునామా ఇది. నా చేతులు వణుకుతాయి. బుద్ధి వణకదు. ఈ రెండింటికీ గల భేదాన్ని డాక్టర్ రమేశ్ పరీక్షించి వ్రాసి ఇచ్చిన కాగితాన్ని దీనికి జతపరచాను. తొమ్మిదో తరగతిలో అతనికి సంధులు నేర్పింది నేనే గనుక, నా తెలివి ఏపాటిదో అతనికి కొత్తగా చెప్పవలసిన పని లేదు.

వకీలు గుమాస్తా తయారుచేసిన చిత్తుప్రతిలో ‘నా యొక్క’ అన్న మాట పదిహేడు చోట్ల ఉన్నది. ‘నా’ అన్నప్పుడే అది నాదని తేలిపోయింది. పదిహేడింటినీ కొట్టివేసి శుద్ధప్రతి నేనే వ్రాసుకున్నాను. ఇందులోని ప్రతి మాటకూ నేనే బాధ్యుడను.

1. ఇంతకుముందు నేను ఏ వీలునామా వ్రాయలేదు. నా ఆస్తి యావత్తూ స్వార్జితం. దీనిని అమలు పరచే బాధ్యతను నా భార్య సుశీలమ్మకు అప్పగిస్తున్నాను. యాభై రెండేండ్లుగా ఈ ఇంట్లో అమలైన నిర్ణయాలన్నీ ఆమె అమలు పరచినవే, ఇది చివరిది.

2. నూట ఎనభై గజాల స్థలంలో, వీధివైపు నూట ముప్పై గజాలూ అందులోని రెండంతస్తుల ఇల్లూ నా కుమారుడు శ్రీవర్ధన్‌కు చెందుతాయి. వెనుకవైపు యాభై గజాలూ, అందులో చెక్కపని జరిగే రేకుల షెడ్డూ, దానికి వేరుగా ఉన్న కరెంటు మీటరూ నా కుమార్తె సాయిసుధకు చెందుతాయి. వీధి నుండి షెడ్డు దాకా ఇంటి పక్కన నాలుగడుగుల వెడల్పు బాట ఆమెకు శాశ్వత హక్కు. ఆ బాటలో స్కూటర్ నిలపడం, బియ్యం బస్తాలు పేర్చడం, పూలకుండీలు పెట్టడం హక్కుకు భంగం కలిగించడమే. పూలకుండీలను ప్రత్యేకించి ఎందుకు చెప్పానో నా కోడలికి తెలుసు. సుశీలమ్మ జీవించి ఉన్నంత కాలం ఈ రెండు భాగాలలో ఏ గదిలోనైనా ఆమె ఇష్టానుసారం ఉండవచ్చు.

3. ఈ విభజనకు కారణం చెప్పవలసిన అవసరం చట్టం దృష్టిలో లేదు. అయినా చెబుతాను, ఎందుకంటే నేను పోయాక నలుగురూ నాలుగు కారణాలు కల్పిస్తారు.

గత శ్రావణంలో శ్రీవర్ధన్ షెడ్డుకు తాళం వేశాడు. ‘బాపూ, గీ చేతులతోని మిషన్ వట్టుకుంటె వేళ్ళు వోతయ్. అయినా మూడు మిషన్లెందుకు? ఒక్కటి ఉంచుకోని రెండు అమ్మెయ్యరాదు? షెడ్డు కూలగొడ్తే మూడు మడిగెలు వడ్తయ్, దుకాన్లోళ్ళ కిరాయి వస్తది’ అన్నాడు. నా వేళ్ళ మీద అతని భయం నిజమైనదే; దానిని నేను శంకించను. ఆ భయం వెనుక మరొక మాట ఉన్నది. అదీ అదే రోజు, అతని కుమారుడు నవనీత్ పెండ్లి మాట వచ్చినప్పుడు, బయటపడింది. ‘నవనీత్ పెండ్లికి చెల్లె చేసిన పీటలు పెట్టుడేంది బాపూ? నలుగురు ఏమనుకుంటరు?’

మరునాడు ఉదయం సుశీలమ్మ కందిపప్పు డబ్బాలో నుంచి రెండో తాళంచెవి తీసి, అతని ఎదుటనే నా చేతిలో పెట్టింది. అతని ఎదుటనే నేను షెడ్డు తెరిచాను.

4. అతని మొదటి ప్రశ్నకు, అంటే మూడు యంత్రాలు ఎందుకన్న దానికి, సమాధానం. చెక్కను నునుపు చేసే ఈ యంత్రాన్ని బజారులో శాండర్ అంటారు. నేను ‘నునుపు యంత్రం’ అని పేరు పెట్టి దుకాణంలో అడిగితే బట్టలు ఇస్త్రీ చేసే పెట్టె చూపించారు. కాబట్టి శాండర్ అనే వ్రాస్తున్నాను.

మొదటిది పెద్దది. నాలుగంగుళాల గరుకుపట్టీ గిర్రున తిరుగుతుంది. ఆరు కిలోల బరువు, రెండు చేతులూ కావాలి. తలుపులకూ, పెద్ద బల్లలకూ తగినది, చెక్కను తినివేస్తుంది. రెండవది గుండ్రనిది, ఐదంగుళాలది. అరచేతిలో ఇముడుతుంది. పెద్దది వదిలిన గీతలను ఇది మాన్పుతుంది. మూడవది ఇస్త్రీ పెట్టె ఆకారంలో ముందుకు మొన తేలి, కిలో కూడా తూగదు. తక్కిన రెండూ వెళ్ళలేని మూలలకు ఇది వెళ్తుంది. ఏ యంత్రమైనా గరుకు కాగితం ఎనభై నంబరుతో మొదలుపెట్టి, నూట ఇరవై, నూట ఎనభై, రెండు వందల నలభై దాకా వరుస తప్పక వెళ్ళాలి. ఒక్క నంబరు దాటవేసినా అప్పటికి కంటికి కనబడదు. పాలిష్ పెట్టిన మరుక్షణం ప్రతి గీతా పైకి లేచి సాక్ష్యం చెబుతుంది.

ఒక్కటి చాలదా అన్నవాడు, ఇంట్లో గరిటె ఒక్కటే ఉంచుకుని తక్కినవి అమ్మివేసి, ఆ తర్వాత నన్ను అడగాలి.

5. ఇది ఒప్పుకోలు. దీనిని పధ్నాలుగేండ్లుగా వాయిదా వేశాను.

పదవీ విరమణ తర్వాత ఖాళీగా కూర్చోవడం చేతగాక చెక్కపని పట్టుకున్నాను. మా వీధి చివర వడ్రంగి దుకాణం నడిపే అమీనుద్దీన్ నాకు గురువు, వయసులో పదేండ్లు చిన్న. హైదరాబాదుకు వెళ్ళి శాండర్ కొంటానన్నప్పుడు అతడు, ‘సారూ, ముందుగాల చేతిల వట్టేది తీస్కో. చెయ్యి చూస్కోని కొను, సైజు చూస్కోని గాదు’ అన్నాడు. ముప్పై మూడేండ్లు ఇతరులకు చెప్పినవాడికి ఇంకొకరు చెబితే వినడం కష్టం. దుకాణంలో ఉన్నవాటిలోకెల్లా పెద్దది కొని తెచ్చాను.

రెండు వేల పదకొండులో సాయిసుధ పెండ్లి. వధూవరుల పీటలు నేనే చేస్తానని బంధువులందరికీ చెప్పుకున్నాను. టేకు చెక్కలను అమీనుద్దీన్ చిత్రిక పట్టి ఇచ్చాడు, ఒక్కొక్కటి అంగుళంపావు మందం. నేను వాటి మీద ఆ పెద్ద యంత్రం పెట్టాను. వరుని పీట ఒక పక్క గుంట పడింది. గుంట పోవడానికి అంతా అరగదీశాను. ఇప్పుడు వధువు పీట ఎత్తైంది. రెండూ సమానంగా లేకపోతే మగపెండ్లివారు ముందుగా చూసేది అదే. వధువు పీట అరగదీశాను. అది మరీ తగ్గింది. మళ్ళీ వరుని పీట. ఇలా వారం రోజులు. అమీనుద్దీన్ తొంగిచూసి, ‘సారూ, పీట చేస్తున్నవా, పలక చేస్తున్నవా?’ అన్నాడు. నీ పని చూసుకొమ్మన్నాను. చివరికి రెండూ అక్షరాలా సమానమయ్యాయి: అరంగుళం మందం.

పసుపు పూసి ముగ్గులు వేస్తే మందం ఎవరికి తెలుస్తుంది? జీలకర్ర బెల్లం పెట్టే వేళ వధువు పీట నిలువునా పగిలింది. మేళం ఆగిన క్షణం గనుక ఆ చప్పుడు అందరికీ వినబడింది. మగపెండ్లివారి వైపు ముసలమ్మ ఒకతె, ‘అయ్యో, పీట పలిగె! పిల్ల కాపురం ఏమైతదో’ అన్నది. నేను లేచి, ‘అమ్మా, తప్పు పీటది కాదు, పిల్లది కాదు, నాది’ అని చెప్పవలసింది. చెప్పలేదు. చెక్కలో దోషం ఉన్నదన్నాను. టేకు మీద నింద వేశాను, దానికి నోరు లేదు గనుక.

మూడేండ్లకు సాయిసుధ తిరిగి వచ్చింది. వచ్చిన కారణం ఆమెది. అది ఈ పత్రంలోకి రాదు. నాటి నుండి నేటి దాకా మా బంధువులలో ఏ ఇద్దరు కలిసినా, ‘పీట పలిగిన నాడే అనుకున్నం’ అంటారు.

కాబట్టి ఇందుమూలంగా ప్రకటిస్తున్నాను. పీట పగలడం నా అహంకారం వల్ల, ఆరు కిలోల యంత్రం వల్ల, అరంగుళం మందం వల్ల. కాపురం నిలవకపోవడానికి కారకులు వేరే ఉన్నారు, వారు మనుషులు. ఈ రెండు తప్పులనూ కలిపి నా కుమార్తె నుదుట అంటించినవారు ఎవరైనా సరే, నా దశదినకర్మకు రావలసిన అవసరం లేదు. వచ్చినా భోజనం పెట్టవద్దని కార్యనిర్వాహకురాలికి ఆదేశం. ఆమె పెడుతుందని తెలుసు. అయినా ఆదేశం ఆదేశమే.

6. వచ్చిన మూడో నెలలో సాయిసుధ తానుగా షెడ్డులోకి వచ్చింది. అప్పటికి నేను అమీనుద్దీన్ మాట విని తక్కిన రెండూ కొన్నాను. మూడింటినీ ఒక్కొక్కటే ఎత్తి చూసింది. పెద్దదాన్ని పక్కన పెట్టి, ‘బాపూ, గిది మనల్నే గుంజుకపోతది’ అన్నది. గుండ్రనిదాని మీద అరచెయ్యి ఆనించి, ‘గిది చెప్పినట్టు ఇంటది’ అన్నది. నాకు ఐదేండ్లు పట్టిన పాఠం ఆమెకు ఐదు నిమిషాలు పట్టింది. తర్వాత పగిలిన పీటను అటక మీద నుండి తనే దించి, చీలిక నడుమ టేకు బద్దలు పొదిగి అతికి, ఎనభైతో మొదలుపెట్టి నునుపు చేసింది. నేడు షెడ్డులో ఆమె కూర్చుని పనిచేసే పీట అదే. పదకొండేండ్లుగా మళ్ళీ పగలలేదు.

గుండ్రని శాండర్, మొనది, కాగితాల పెట్టె, బిగింపు చట్రాలు, చెక్క నిల్వ అంతా సాయిసుధవి.

7. పెద్ద శాండర్ శ్రీవర్ధన్‌కు. ఇది ఎగతాళి కాదు. నా పిల్లలిద్దరిలో నా అహంకారానికి వారసుడు అతడే. పరికరం కూడా అతనికే చెందడం న్యాయం. తూకానికి అమ్మరాదు. తన బియ్యం దుకాణంలో గల్లాపెట్టె పక్కన పెట్టుకుని, ఎవరినైనా ‘నీ పని చూసుకో’ అనబోయే ముందు ఒకసారి ఎత్తి చూడాలి. దానితో పాటు, మూడో తరగతిలో అతనికి కామెర్లు వచ్చి నెల రోజులు మంచం పట్టినప్పుడు నేను వ్రాసి, బొమ్మలు వేసి చదివి వినిపించిన కథల నోటు పుస్తకం. అది బీరువా అడుగు అరలో ఉన్నది. దానిని ఎన్నడూ పారవేయలేదని అతనికి తెలియదు.

8. సుశీలమ్మకు వంటింటి స్టూలు. ఆమె మోకాలి ఎత్తుకు కొలిచి, మొన శాండర్‌తో అంచులన్నీ గుండ్రంగా తీసి చేసినది. ‘ఇగో, ఇంక నున్నగ చేస్తె జారి పడ్త’ అని ఆమె ఆపకపోతే ఇంకా చేస్తూనే ఉండేవాడిని.

9. అమీనుద్దీన్‌కు ఇందులో ఏమీ లేదు. సాక్షి సంతకం చేసేవాడికి ఆస్తి ఇవ్వకపోవడం మంచిదని వకీలు చెప్పాడు. అతనికి ఇవ్వవలసినది నిన్ననే ముఖాముఖి ఇచ్చాను: ‘నువ్వు చెప్పిందే సరైంది’ అన్న వాక్యం. పధ్నాలుగేండ్లు ఆలస్యమైంది. అతడు, ‘సారూ, గిది కాయితం మీద గూడ రాయిన్రి, మా ఇంట్ల ఎవ్వరు నమ్మరు’ అన్నాడు. వ్రాశాను.

10. నా మనుమడు నవనీత్ వివాహం రాబోయే ఫాల్గుణంలో. షెడ్డులో తెల్లని పంచెలో చుట్టి ఉంచిన రెండు పీటలు నవనీత్‌కు గాని అతని తండ్రికి గాని ఇవ్వడం లేదు. అవి పెండ్లికూతురు సంగీతకు ఇస్తున్నాను. పోయిన నెల ఆమె ఎవరికీ చెప్పకుండా షెడ్డుకు వచ్చి, కొత్త పీట మీద చెయ్యి నిమిరి, సాయిసుధతో అన్నది: ‘అత్తమ్మా, నాకు గివే కావాలె. కూసునేది నేను. నలుగురికి పీట గావాల్నంటె వాళ్ళు వేరే తెచ్చుకోని కూసోమను.’

వాటిని చేసినది సాయిసుధ. మూలలు మాత్రం నేను తీశాను. నాకిప్పుడు చేతనయ్యేది మొన శాండర్ ఒక్కటే. అది నడుస్తున్నంత సేపు దాని వణుకే పెద్దది. నా వణుకు అందులో కలిసిపోతుంది. ఆపితేగాని ఏది నాదో తెలియదు. మందం అంగుళంపావు. ఎవరికైనా సందేహం ఉంటే టేపు పెట్టి కొలవవచ్చు. ఈసారి పసుపు పూయకముందే కొలవాలి.

అప్పటికి నేను ఉన్నా లేకున్నా, ఆ పీటలను సాయిసుధే స్వయంగా మోసుకుని, నాలుగడుగుల బాట గుండా వీధిలోకి వచ్చి, కల్యాణ మండపంలోకి ముందు ద్వారం నుండి తీసుకువెళ్ళాలి. దీనికి ఆస్తితో ముడి పెట్టడం లేదు. శ్రీవర్ధన్ అడ్డుపడినా అతని ఇల్లు అతనిదే. అయితే ద్వారం దగ్గర నిలబడి చెల్లెలిని ఆపదలచుకుంటే, ముందు అయిదో అంశాన్ని అక్కడి అందరికీ వినబడేటట్లు చదివి, ఆ తర్వాత ఆపాలి. అతని ఉచ్చారణ మంచిదే. నేర్పినది నేనే.

11. క్రింది సంతకం వంకరగా ఉంటుంది. దానిని చూపి ఇది నాది కాదని వాదించదలచిన వారికి ముందే చెబుతున్నాను: వేలిముద్ర చాలని వకీలు అన్నాడు. తెలుగు పంతులు వేలిముద్ర వేయడు. వణుకుతూనే, పూర్తి పేరు, ‘థ’ కింది ఒత్తుతో సహా వ్రాస్తున్నాను. దీనిని ఎవరూ నునుపు చేయరాదు.

సిద్దిపేట,
రెండు వేల ఇరవై ఐదు, నవంబరు పదహారవ తేదీ, ఆదివారం.

(సంతకం) కాశీనాథం

మా ఎదుట కాశీనాథం సారు దీనిని బిగ్గరగా చదివి, సంతకం చేసినారు. వారి ఎదుట మేము సంతకాలు చేసినాము.

సాక్షులు:
1. అమీనుద్దీన్, వడ్రంగి
2. డాక్టర్ రమేశ్