గీత దాటి పడిన వాన

గురువారం, రాత్రి

ప్రార్థన చేసుకున్నా మనసు కుదుటపడలేదు.

తుపానుకి పేరు పెట్టిన రోజు నుంచి ఫోన్లో దాని దారి చూస్తూనే ఉన్నాను. పసిపిల్లకి పెట్టుకునే పేరులా ఉంది. మ్యాపు మీద దాని దారి చూపే ఎర్రగీత ఒడిశా వైపు పోతోంది. శనివారం మాకవరపాలెం నుంచి మరిది యోహాను ఫోన్ చేశాడు.

"వదినా, వరిమడి సగం కోసీసినాం. పనలు కుప్పేసీమంటావా, ఇంకో రెండ్రోజులు ఎండనిమ్మంటావా? బేగి సెప్పు."

"ఎండనీ బాబూ, అది మన వైపు రాదు" అన్నాను.

"మా యక్క సెప్పిందంటే టీవీవోళ్లు సెప్పినట్టే" అని పక్కనుంచి తోటికోడలు నవ్వింది.

తుపాను నిజంగానే రాలేదు, గీత మీదే పోయింది. వాన మాత్రం మూడు రోజులు ఇక్కడే కురిసింది. ఆ గీత తుపాను నడిమి భాగం పోయే దారి మాత్రమేనట. వాన దానికి ఎంతో దూరం దాకా పడుతుందని టీవీలో చెబితే నిన్న తెలిసింది.

పొద్దున వెళ్లి చూశాను. మడిలో కోసి పరిచిన పనలు నీళ్లలో నాని గింజలు మొలకెత్తాయి. యోహాను ఒక పన ఎత్తి, నీళ్లు దులిపి, మళ్లీ అక్కడే పెట్టేశాడు. నన్ను తిట్టినా బాగుండేది.

ఆటో ఎక్కిస్తూ అడిగాడు.

"మళ్లీ అల్పపీడనమంట గదా వదినా. మిగిలిన సగం కోసీమంటావా, ఉంచీమంటావా?"

"నాకు తెలీదు బాబూ" అన్నాను.

శనివారం కూడా నాకు తెలీదు. ప్రభువా, ఆ మాట అప్పుడెందుకు నోటికి రాలేదు?