అవ్వ కార్డులో మొదటి వరుస

ప్రకాశం,

నేను ధర్మవరం బండికి పోతున్నా, రేపు సాయంత్రం వస్తా. ముద్ద చట్టిలో ఉంది, పిల్లి చూడకముందే తిను. ఈస్టరు కార్డులు బల్ల మీద పెట్టాను, అన్నీ ఈరోజే రాసి పోస్టులో వెయ్యి. పెనుకొండ అత్తకూ పాస్టరుగారికీ నీ ఇష్టమొచ్చినంత గ్రాంథికంలో రాసుకో.

కొత్తచెరువు అవ్వకు మాత్రం "మరణించిన యేసయ్య" అని మొదలుపెట్టొద్దు. పోయినేడు పోస్టుమ్యాను వాకిట్లో ఆ రెండు మాటలు చదివాడో లేదో, అవ్వ కార్డు లాక్కుని చించేసి తలకు పోసుకుంది. చావు కబురు కార్డు గడప దాటకూడదు కదా. ఆయన తిరిగి లేచిన సంగతి నువ్వు రెండో వరుసలో రాస్తివి. నేను పోయేసరికి, మన వైపు చుట్టమెవరో పోయాడని ఏడుస్తూ కూర్చుని ఉంది. కార్డు రాసింది నువ్వు, తిట్లు తిన్నది నేను.

సుగుణక్క

మరిచాను. ఆయన లేచాడని, బాగున్నాడని మొదటి వరుసలోనే రాయి. వాళ్ళమ్మ సంగతి కూడా రాయి. లేచాడని నేను చెప్పిన రోజు నుంచీ అవ్వ ఒకటే అడుగుతోంది: "ఆ తల్లికి ఎవురన్నా కబురు చెప్పినారా, లేదా?"