కొత్త సెన్సార్ కొనకు, అమ్మాయ్

అమ్మాయ్, బానెట్ మీద చెయ్యి వేసి, కళ్లు మూసుకుని, మన కారు రోగం చెప్పేశాను! పొగలో ఆక్సిజన్ ఎంతుందో చూసే ఆ సెన్సార్ కొత్తది కొనకు. రేపు పొగ పరీక్షలో కారు నెగ్గుతుంది, ఎల్లుండి నువ్వు దాంట్లోనే దర్జాగా కొత్త ఉద్యోగానికి వెళ్తావు. నేను వచ్చేదాకా మాత్రం స్టార్ట్ చెయ్యకు.

సెన్సార్ నిక్షేపంలా ఉంది. దాన్ని వేడిచేసే హీటరుకే కరెంటు అందడం లేదు. మీ ఆయన, అంటే నా పుత్రరత్నం, వేలాడుతున్న ఆ హీటరు వైరును ప్లాస్టిక్ తాడుతో సైలెన్సర్ గొట్టానికే కట్టాడు! తాడు కరిగింది, వైరు తొడుగు కాలింది, ఫ్యూజు ఎగిరిపోయింది. "నేను కట్టానంటే ఇక ఊడదు నాన్నా" అన్నాడు. నిజమే, అతుక్కుపోయింది.

బానెట్ మీద చెయ్యి వేసింది పైకి లేవడానికి ఊతంగా, కళ్లు మూసుకున్నది కారు కింద పడుకుంటే దుమ్ము పడి. కరెంటు వస్తోందో లేదో చూసే మీటరు ఎక్కడ పెట్టాలో మెకానిక్కే ఫోన్లో చెప్పాడు. "పెద్దాయనా, మీరు షాపు పెడితే నేను దుకాణం కట్టెయ్యాలి" అని మెచ్చుకున్నాడు కూడా.

ఫ్యూజు, వేడికి ఆగే తొడుగు తేవడానికి బజారుకెళ్తున్నాను. మొదటి రోజే బస్సులో వేలాడుతూ నువ్వెందుకు వెళ్లాలి?

అన్నట్టు, ఆ మెచ్చుకోలు నా కల్పన. అతను నిజంగా అన్నది, "పెద్దాయనా, కారు కింద నుంచి మీరే రాగలరా, మనిషిని పంపనా?"