స్విచ్చి లేని ఫ్యాను

తమ్ముడు అంకన్నకు అర్ధవీడు నుంచి అక్క రాస్తున్నది.

మీ బావకు మంచం దిగి స్విచ్చి వేసుకునే ఓపిక కూడా లేదని, నువ్వు మిద్దె మీది సోలార్ ప్యానెల్‌కే ఫ్యాను నేరుగా కలిపి పోయినావు. ఎండ రాగానే తిరుగుతుంది, పొద్దుగూకితే ఆగుతుంది.

ఆయన పోయినా అది తిరుగుతూనే ఉంది. మా అత్తకు మతిమరుపు ముదిరింది. పొద్దున ఫ్యాను చప్పుడు వినగానే, "నా కొడుకు లేసినాడా? ఏమన్నా తిన్నాడా?" అంటుంది. లేడని చెప్తే అప్పుడే విన్నట్లు ఏడుస్తుంది. తెల్లారేసరికి మరిచిపోతుంది. మళ్లీ ఎండ వస్తుంది. తీగ పీకేద్దామని స్టూలు ఎక్కినాను, చేతులు రాలేదు.

నిన్న మబ్బు పట్టి ఫ్యాను తిరగలేదు. అత్త అడగలేదు. పొద్దుగూకేదాకా ఇంట్లో మీ బావ మాటే రాలేదు.

వీలు చూసుకుని రా. ఫ్యాను విప్పొద్దు. స్విచ్చి మాత్రం పెట్టిపో.