చెదలు తిన్న చెవి మిషను డబ్బు

కైనకరి

బ్యాంకు మేనేజరు సారుకి, ఈశో ప్రభువుకు స్తుతి చెప్పుకుని అలేయమ్మ రాసేది.

బాతుగుడ్లమ్మి కూడబెట్టిన అయిదొందల నోట్లు చెక్కపెట్టెలో దాచాను. చెదలు పట్టాయి. మా ఆయన ఇట్టూప్‌కి చెవుడు. చెవి మిషను కొందామని దాచిన డబ్బు సారూ. అరిచి అరిచి నా గొంతు బొంగురుపోయింది. మా ఇంటి గుట్లన్నీ కాలవ అవతలి ఒడ్డుక్కూడా తెలుసు. ఎలాగైనా మార్చి ఇప్పించండి.

ఇట్లు,
అలేయమ్మ

తా.క.: గుడ్లు పంపాను.

•

అలేయమ్మ గారికి నమస్కారం.

దిగులు పడకండి, పాడైన నోట్లు మార్చే వీలుంది. ముక్కలు అతికించవద్దు. పెట్టెలో ఉన్నది ఉన్నట్టు, ఏదీ వేరు చేయకుండా పంపండి.

భవదీయుడు,
వేలాయుధ పణిక్కర్, మేనేజరు

తా.క.: మేము గుడ్లు పుచ్చుకోకూడదు. తిప్పి పంపేలోపు మా ప్యూను ఉడకబెట్టేశాడు.

•

సారూ, ఈశోకు స్తుతి.

మీరన్నట్టే ఏదీ వేరు చేయలేదు. ఒక్క చెద కూడా జారిపోకుండా పెట్టెను పాత చీరతో బిగించి, ఆయన చేతికే ఇచ్చి పడవెక్కించాను. లోపలేముందో చెప్పలేదు. చెప్పినా వినపడదు.

ఇట్లు,
అలేయమ్మ

తా.క.: దారిలో ఆకలేస్తే మిగిలిన నోట్లు కూడా తినేస్తాయని, వాటికి పాత పేపర్లు పెట్టాను.

•

అలేయమ్మ గారికి,

పెట్టె తెరవగానే మా క్యాషియర్ సరోజిని కుర్చీ ఎక్కింది. ఒక్కో నోటులో ఎంత ముక్క మిగిలిందో కొలిచాం. పెద్ద ముక్క మిగిలినవాటికి పూర్తిగా, చిన్నవాటికి సగం వచ్చింది. పొడైనవి పోయినట్టే. అయినా మిషనుకు సరిపోతుంది.

ఇక, ఎలా రాయాలో తెలియని సంగతి ఒకటి. సరోజిని నా చెవిలో, "పాపం, ఈ ముసలాయనకి చెవుడంట సార్" అని గొణిగింది. గది ఆ చివర్నుంచి మీ ఆయన, "ముసలాయనెవరమ్మా?" అన్నారు!

నిలదీస్తే తల దించుకున్నారు. "పెళ్లైన కొత్తలో మా అమ్మా, అలేయమ్మా పోట్లాడుకుని, 'అదేమందో విన్నావా?' అని ఇద్దరూ నన్నే అడిగేవాళ్లు సార్. వినపడలేదన్నాను. అమ్మ పోయింది. ఇప్పుడు వినపడుతోందని ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

డబ్బు దేనికో చెబితే తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చారు. డబ్బూ, ఈ ఉత్తరమూ ఆయన చేతికే ఇస్తున్నాను. కొట్టకండి.

భవదీయుడు,
పణిక్కర్

తా.క.: చెదలు మా అలమరలో కాపురం పెట్టాయి. తిరిగి తీసుకెళ్లే ఏర్పాటు చేయగలరు.

•

సారూ, ఈశోకు స్తుతి.

ఉత్తరం చదివి చీపురు తీశాను. ఆయన లోపలికి రాకుండా గుమ్మం బయటే నిలబడ్డాడు. అప్పుడు తట్టింది, ఇన్నేళ్లూ నేను తిట్టిన తిట్లన్నీ విన్నాడని. ఒక్కదానికీ మారు పలకలేదు. చీపురు పక్కన పెట్టి మెల్లగా పిలిచి చూశాను. "ఆఁ" అన్నాడు, పెళ్లికొడుకులా సిగ్గుపడుతూ. "చేపల కూర వేడిగా ఉంది, రండి" అన్నాను.

ఇట్లు,
అలేయమ్మ

తా.క.: మిషను మానేసి ఆ డబ్బుతో ఇంకొన్ని బాతులు కొన్నాం. ఆయన ఇప్పుడు ఒకటే కబుర్లు. "టీ పెట్టవే, తువ్వాలు తేవే" అంటాడు. నిన్నటి నుంచి నాకు చెవులు సరిగా వినపడటం లేదు.