పక్క మంచం పేషెంటు

అక్కా,

నా కాలు విరిగిన మాట నిజమే, అమ్మకు చెప్పకు. వానకు ఈ కొండదారి కొట్టుకుపోయిన రోజే ఒకామెకు కాన్పయింది, రక్తం ఆగలేదు. కింద పెద్దాసుపత్రి వాళ్లు డ్రోన్‌లో రక్తం పంపారు. "పిల్లల బొమ్మతో వైద్యమా?" అని మొన్నటిదాకా వెక్కిరించింది నేనే. రక్తం పెట్టె చిన్న పారాచూట్ గొడుగుకు వేలాడుతూ దిగుతుంటే, బంతిని పట్టినట్టు పట్టబోయి బురదలో జారిపడ్డాను. పెట్టె పక్కనే మెత్తగా వాలింది. "నన్ను వదిలెయ్, ముందు దాన్ని తీసుకెళ్లు," అన్నాను నర్సుతో. అప్పటికే ఆమె పెట్టెతో నన్ను దాటేసి వెళ్లింది.

తల్లి బతికింది. ఈ చిన్నాసుపత్రిలో ఉన్నవి రెండే మంచాలు, ఒకటి ఆమెది, ఒకటి నాది. ఇందాక పాప ఏడిస్తే డాక్టర్ని కదా అని లేవబోయాను.

"మీరు పడుకోండి డాక్టరుగారూ, అసలే దెబ్బతిన్న మనిషి. నేను చూసుకుంటాగా," అంది పక్క మంచం మీది ఆ తల్లి.

బుద్ధిగా పడుకున్నాను.

నీ తమ్ముడు