స్క్రూడ్రైవర్‌కి చెవి ఆనిస్తే

బాపూ,

పిల్లలకు పని షాపుల్లోనే నేర్పించాలని మా ఐటీఐ ఒప్పందాలు చేసుకుంది. ఈరోజు నా విద్యార్థులను గౌలిపురలోని నీ మోటార్ల రిపేరు షాపుకే తీసుకెళ్లాను. నువ్వు పోయాక దాన్ని నడుపుతున్న ఖాదర్ భాయ్ మొదట మోటార్లను పరీక్షించే మా మీటర్లు పక్కన పెట్టించాడు. నడుస్తున్న మోటారుకి స్క్రూడ్రైవర్ మొన ఆనించి, పిడిని చెవికి పెట్టుకోమన్నాడు. నువ్వు అలా వింటుంటే నేను నవ్వేదాన్ని.

శ్రావణి అనే అమ్మాయి కళ్లు మూసుకుని, "బేరింగ్ పోయింది భాయ్, గరగరమంటున్నది," అంది. విప్పి చూస్తే నిజమే.

నేనూ విన్నాను. పాఠాలు చెప్పే నీ కూతురికి ఒట్టి హోరు తప్ప ఏమీ తెలియలేదు.

"ఫికర్ చెయ్యకు బిడ్డా, రేపటి సంది నువ్వు గూడ రా," అన్నాడు ఖాదర్ భాయ్.

వెళ్తాను. ఇంతకీ, నీకు నేను కొనిచ్చిన మీటర్‌ని డబ్బాలోంచి ఒక్కసారైనా తీశావా?